బరువు ఎక్కడ పెట్టాలి?
(బాస్కెట్ బాల్ స్తంభం బోర్లా పడకుండా)

మన ఊళ్లలో హైస్కూలు ఆటస్థలం చూసి ఉంటారు. అక్కడ ఒక పొడవాటి ఇనుప స్తంభం ఉంటుంది. దాని పైన ఒక పలక. పలకకు ఒక ఇనుప రింగు, రింగుకు వల. పిల్లలు బంతిని ఆ రింగులో వేస్తారు. అదే బాస్కెట్ బాల్ ఆట.

ఈ ఆట అమెరికాలో పుట్టింది. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే అయ్యవారు చలికాలంలో పిల్లల్ని లోపలే ఆడించాలనుకున్నాడు. పండ్లు పెట్టే బుట్టలు రెండు తెచ్చి, పెద్దగదిలో వసారా కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ రింగు ఎత్తు అదే 10 అడుగులు. మరుసటి ఏడు, 1892లోనే, అక్కడి కాలేజీలో ఆడపిల్లలు కూడా ఆడారు. ఆడపిల్లకు ఈ ఆట ఎందుకు అనేవాళ్లకు ఈ మాట చెప్పవచ్చు.

ఆట మంచిదే. స్తంభం మాత్రం సరిగ్గా నిలబడకపోతే ప్రాణం తీస్తుంది. 2025 నవంబరులో హర్యానా రాష్ట్రంలో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు పిల్లలు ఇలాగే చనిపోయారు. ఒకరు బహదూర్‌గఢ్‌లో, మరొకరు రోహ్‌తక్ జిల్లా లఖన్ మాజ్రాలో. రెండో పిల్లవాడికి 16 ఏళ్లు. రింగు పట్టుకుని వేలాడాడు. పాత స్తంభం విరిగి అతని రొమ్ము మీద పడింది.

కాబట్టి బడికి వెళ్లినప్పుడు తల్లులు ఆ స్తంభం మొదలు చూడాలి. "సార్, ఇది పడదు కదా?" అని అడిగితే, "పడదులేమ్మా" అంటారు. ఆ మాట నమ్మి ఊరుకోకూడదు. లెక్క వేసి చూడవచ్చు. ఆ లెక్క కష్టమేమీ కాదు.

పాతడమా, నిలబెట్టడమా?

గుంత తీసి, కాంక్రీటు పోసి స్తంభం పాతితే గట్టిగా ఉంటుంది. కానీ మన నేల సంగతి మనకు తెలుసు. ఆదోని, ఆలూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది. ఎండకు కాలు దూరేంత పగులు ఇస్తుంది. లోతు తక్కువ పాతిన స్తంభం రెండు మూడేళ్లలో వాలిపోతుంది. పైగా చాలా బళ్లలో ఆటస్థలం ఒక్కటే. అక్కడే ప్రార్థన, అక్కడే సభ, అక్కడే కబడ్డీ. అందుకని జరపడానికి వీలైన స్తంభం చేయిస్తారు. కింద ఇనుప పెట్టె, పెట్టెకు చక్రాలు, పెట్టెలో బరువు.

బరువు పెట్టామంటే చాలదు. ఎక్కడ పెట్టామన్నదే అసలు విషయం.

బండి చెప్పే లెక్క

ఎద్దులబండికి వెనకవైపు మూటలు ఎక్కువ వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది. అదే మూటల్ని కొంచెం ముందుకు జరిపితే కాడి దిగుతుంది. మూటలు అవే, బరువు అదే. ఇరుసు నుంచి దూరం మాత్రం మారింది.

స్తంభానికి కూడా ఒక ఇరుసు ఉంది. అది కంటికి కనపడదు. పెట్టె ముందు అంచు నేలను ఎక్కడ తాకుతుందో అదే ఇరుసు. స్తంభం ముందుకు పడితే ఆ అంచు మీదనే తిరిగి పడుతుంది. అంచుకు ముందు ఉన్నదంతా పడదోస్తుంది. వెనక ఉన్నదంతా పట్టి ఉంచుతుంది. బరువును కిలోల్లో, దూరాన్ని అడుగుల్లో తీసుకుని గుణించాలి. రెండు వైపుల లెక్కల్లో ఏది పెద్దదో ఆ వైపే గెలుస్తుంది.

ఇప్పుడు ఒక స్తంభం తీసుకుందాం. పలక, రింగు, వాటిని మోసే కమ్మీ అన్నీ కలిపి 40 కిలోలు. అవి అంచుకు 2 అడుగుల ముందు ఉన్నాయి. 40ని 2తో గుణిస్తే 80.

ఒక పిల్లవాడి బరువు 40 కిలోలు. టీవీలో చూసి రింగు పట్టుకుని వేలాడాడు. రింగు ముందు భాగం అంచు నుంచి 4 అడుగులు. 40ని 4తో గుణిస్తే 160. కానీ వాడు ఊరికే వేలాడడు, ఎగిరి పట్టుకుంటాడు, ఊగుతాడు. బావి గిలకకు కట్టిన తాడును మెల్లగా లాగడానికి, గుంజడానికి ఎంత తేడా! అందుకని దీన్ని రెండింతలు చేయాలి. 320. మొత్తం పడదోసేది 320, 80 కలిపి 400.

పెట్టె పొడవు 4 అడుగులు అనుకుందాం. దాని వెనక సగంలో బరువు పెట్టాం. ఆ బరువు నడిమి చోటు అంచు నుంచి 3 అడుగులు. 400ని 3తో భాగిస్తే 133 కిలోలు. సరిగ్గా ఇంతే పెడితే త్రాసు ముల్లు మధ్యలో ఆడినట్టు ఉంటుంది. అది చాలదు. 200 కిలోలు పెట్టాలి. పెట్టె బరువు, స్తంభం బరువు మనం లెక్కలో వేయలేదు. అవి అదనపు ధీమా.

అదే బరువును తెలియక స్తంభం మొదట్లో, అంచుకు 1 అడుగు దూరంలో పేర్చామనుకోండి. అప్పుడు నిలవడానికే 400 కిలోలు కావాలి. వెనక్కి రెండడుగులు జరిపితే మూడో వంతుతో పని అయిపోతుంది. డబ్బు ఖర్చు లేని పని ఇది.

చక్రాల దగ్గర ఒక మోసం ఉంది. చక్రాలు పెట్టె లోపలికి ఉంటే ఇరుసు కూడా లోపలికి జరుగుతుంది. వెనక దూరం తగ్గిపోతుంది. ఆట మొదలుపెట్టే ముందు చక్రాలు నేలకు తగలకుండా మరలు తిప్పి, పెట్టెను నేల మీద కూర్చోబెట్టాలి.

ఏం పెట్టాలి?

కొందరు ప్లాస్టిక్ పెట్టెలో నీళ్లు నింపుతారు. అమెరికాలో ఇళ్ల ముందు ఎక్కువగా అలాంటివే. లీటరు నీళ్లు కిలో బరువు. 200 కిలోలకు 200 లీటర్లు కావాలి. మే నెలలో బిందె నీళ్లకు వరుసలో నిలబడే ఊళ్లో ఆ మాట ఎవరితో అంటాం? పైగా మన ఎండకు ప్లాస్టిక్ పగులుతుంది. రాత్రికి నీళ్లు కారిపోతే తెల్లారి పిల్లలకు తెలియదు. ఖాళీ పెట్టె, నిండు పెట్టె పైకి ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇసుక నయం. ఎండిన ఇసుక లీటరు సుమారు కిలోన్నర. కానీ ప్లాస్టిక్ సంచి ఎండకు చివికి, ఇసుక కారుతుంది. తడి ఇసుక ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

మన దగ్గర వీటికన్నా మంచిది ఉంది. అదే నాపరాయి. దేశమంతా దీన్ని కడప రాయి అనే పిలుస్తారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు, బేతంచెర్ల, బనగానపల్లె వైపు గనులున్నాయి. (ఈ చివరి రెండూ 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి.) నీళ్లకన్నా రెండున్నర రెట్లకు పైగా బరువు. కారదు, ఆరదు, చివకదు. 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ 25 కిలోలు తూగుతుంది. అలాంటివి 8 పేరిస్తే 200 కిలోలు, ఎత్తు 8 అంగుళాలే. గనిలో, పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే అక్కలకు ఈ బండ బరువు చేతికే తెలుసు. అంచులు విరిగి అమ్ముడుపోని బండలైనా ఇక్కడ పనికొస్తాయి. బండలు కదలకుండా పైన ఇనుప పట్టీ వేసి, బోల్టు బిగించి, తాళం వేయాలి. లేకపోతే ఒక్కొక్కటే ఎవరింటి గడపకో చేరుతుంది.

గాలి సంగతి

పిల్లవాడికన్నా గాలి బలం ఎక్కువ. ఇది చాలామంది మరిచిపోతారు. పెద్ద పలక 6 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం వచ్చే గాలివాన గంటకు 70 కిలోమీటర్ల వేగంతో కొడితే, ఆ పలకను 50 కిలోలకు పైగా బలంతో తోస్తుంది. పలక నడుమ 11 అడుగుల ఎత్తున ఉంటుంది. 50ని 11తో గుణిస్తే 550. దానికి పలక బరువు 80 కలిపితే 630. మన బండలు పట్టి ఉంచేది 200ని 3తో గుణిస్తే 600. గాలే గెలిచింది! ఎదురు నుంచి వీస్తే స్తంభం వెనక్కి కూడా పడగలదు.

కాబట్టి మబ్బు పట్టి దుమ్ము లేవగానే పిల్లల్ని దూరంగా పంపాలి. ఆట లేనప్పుడు స్తంభాన్ని పాతిన కొక్కేనికి గొలుసుతో ముందూ వెనకా కట్టి ఉంచాలి. వేసవి సెలవులకు పండబెట్టడం ఇంకా మంచిది.

పరీక్ష చేయడం

రింగు ముందు భాగానికి గట్టి తాడు కట్టి, నేలకు జానెడు ఎత్తున జోలె వేలాడదీయాలి. అందులో పక్క నుంచి ఒక్కొక్కటిగా ఇసుక సంచులు పెట్టాలి, 80 కిలోల దాకా. రింగు కింద, పలక ముందు ఎవరూ నిలబడకూడదు. పెట్టె వెనక అంచు వేలెడు లేచినా బరువు చాలదని అర్థం. రింగు వంగినా, అతుకు దగ్గర చిట్లినా అప్పుడే బయటపడుతుంది. స్తంభం మొదట్లో రంగు ఉబ్బిన చోట పుల్లతో గీకి చూడండి. పొరలు పొరలుగా రాలితే లోపల తుప్పు తినేసింది. అలాంటి స్తంభానికి ఎన్ని బండలు పెట్టినా లాభం లేదు. వెల్డింగు షాపుకు పంపాలి.

స్తంభానికి మనిషి ఎత్తు దాటేదాకా పాత బొంతలు చుట్టి కట్టండి. పరుగెత్తి వచ్చిన పిల్ల తలకు ఇనుము తగలదు.

మీరే లెక్క వేయండి: పైన చెప్పిన స్తంభమే. వేలాడిన పిల్ల బరువు 50 కిలోలు. స్తంభం పడకుండా ఉండటానికి వెనక కనీసం ఎన్ని కిలోలు ఉండాలి? 25 కిలోల బండలు ఎన్ని?

జవాబు: 160 కిలోలు. 6 బండలు చాలవు, 7 కావాలి. ధీమాకు ఇంకో మూడు వేయండి.