సంతకం ఎవరిది?

ఆడవాళ్ల హక్కులు, ఆరోగ్యం, ఓటు: అపోహలు – వాస్తవాలు

ఆడవాళ్ల ఆరోగ్యం అంటే పత్రికల్లో వంటింటి చిట్కాలు. హక్కులంటే మార్చి 8 సభలు. ప్రజాస్వామ్యం అంటే పోలింగ్ రోజు వేలి మీద సిరా చుక్క. ఈ మూడింటినీ వేరువేరుగా చూడటం మనకు అలవాటైపోయింది. ఆపరేషన్ కాగితం మీద, ఆస్తి పత్రం మీద, పంచాయతీ చెక్కు మీద సంతకం ఎవరు పెడుతున్నారు? పెట్టేముందు ఆమెకు ఎవరైనా ఏమైనా చెప్పారా? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే మూడూ ఒకటే వ్యవహారమని తెలుస్తుంది. స్త్రీవాదులు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇదే. దాని చుట్టూ పేరుకున్న అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ 1: స్త్రీవాదం పట్నాల్లో ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు తెచ్చిన దిగుమతి సరుకు.

వాస్తవం: భండారు అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆమే దేశమంతటి స్త్రీల జీవిత చరిత్రలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా రాసింది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపనకు పూనుకుంది. అంతకన్నా దగ్గరి సాక్ష్యం నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన కూలి స్త్రీలు, ఒక ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథను పాఠంగా చదివారు. పుస్తకం మూసి తమ ఊళ్లోనూ అదే పని చేశారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటి పాకింది. ప్రభుత్వం 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారన్నది వేరే కథ.

కూలి డబ్బు ఇంటికి చేరాలి. ఒంటి మీద దెబ్బ పడకూడదు. ఊళ్లో ఏ దుకాణం ఉండాలో తామూ చెప్పాలి. దూబగుంట ఆడవాళ్లు అడిగినవి ఇవే. హక్కు, ఆరోగ్యం, ప్రజాస్వామ్యం మూడూ అందులో ఉన్నాయి.

అపోహ 2: భర్త సంతకం లేనిదే అబార్షన్ చేయకూడదు. పెళ్లికాని పిల్లకైతే అది నేరమే.

వాస్తవం: 1971 నాటి అబార్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీ తానొక్కతే రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు మాత్రమే సంరక్షకుల అంగీకారం కావాలి. ‘మీ ఆయన్ని తీసుకురా’ అన్న మాట ఆస్పత్రి కౌంటర్లో పుట్టింది, చట్టంలో లేదు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య అత్యాచార బాధితులు, మైనర్ల వంటి కొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో పాత చట్టం వివాహితనూ ఆమె భర్తనూ మాత్రమే గుర్తించేది. ఇప్పుడు అక్కడ ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని ఉంది. పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తేల్చింది.

చాలామంది ఈ చట్టాన్ని 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టంతో కలిపేసుకుంటారు. ఆడో మగో చెప్పడం, దాన్నిబట్టి గర్భం తీయడం నేరం. అబార్షన్ మొత్తంగా నేరం కాదు. అలాగని మన చట్టం అబార్షన్‌ను స్త్రీ హక్కుగా ప్రకటించనూ లేదు. కారణాల పట్టిక రాసి, చివరి మాట డాక్టరుకు వదిలింది. స్త్రీవాదుల పేచీ ఇంకా అక్కడే ఉంది.

అపోహ 3: పిల్లలు పుట్టడం అయిపోయాక గర్భసంచితో పనిలేదు. తీయించేస్తే పీడా వదులుతుంది.

వాస్తవం: తెలుగు నేల మీద ఈ అపోహ చేసినంత నష్టం మరేదీ చేయలేదేమో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతం దగ్గర, తెలంగాణలో 8 శాతం దగ్గర ఉంది. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులకే అన్ని జబ్బులు వస్తాయని ఎవరూ అనలేరు కదా!

తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా అవుతోందనో, నడుం లాగుతోందనో వెళ్తారు. ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటతో బల్ల ఎక్కుతారు. తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది. అధిక రక్తస్రావానికి థైరాయిడ్ లోపం, హార్మోన్ల తేడా, గడ్డల వంటి కారణాలుంటాయి. ముందు వాటిని పరీక్షించాలి. మాత్రలు, హార్మోన్ లూప్ వంటి దారులు ప్రయత్నించాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ భయం ఉంటే దాన్ని తొలిదశలోనే పట్టే పరీక్షలున్నాయి. ఆపరేషన్ నిజంగా అవసరమయ్యే స్థితులు లేకపోలేదు. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, బాగా జారిపోయిన గర్భసంచి అలాంటివి.

తీసేస్తే ఏమవుతుందో మాత్రం తక్కువమంది చెబుతారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే నెలసరి ఆగిపోవాల్సిన వయసు పదిహేనేళ్లు ముందే వచ్చిపడవచ్చు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు దాని వెంట వస్తాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో ఆ దశ తొందరగా రావచ్చు.

ఇంతమంది ఎందుకు ఒప్పుకుంటున్నారు? చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే కాన్పులు, పాతికేళ్లకే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్. పొలంలో మరుగుదొడ్డి ఉండదు, నెలసరి రోజున పనికి వెళ్లకపోతే కూలి ఉండదు. దగ్గరలో స్త్రీల డాక్టరు లేరు. ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి మందుచీటీ కన్నా ఆపరేషన్ లాభం. వీటన్నిటి మధ్య ఆమె పెట్టిన సంతకాన్ని ‘ఇష్టం’ అనేసి ఊరుకోవడం కుదరదు. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అపోహ 4: మగవాళ్లు కు.ని. ఆపరేషన్ చేయించుకుంటే బరువులెత్తలేరు, మగతనం పోతుంది.

వాస్తవం: వేసెక్టమీలో పొట్ట తెరిచేది లేదు. ఆ చోట మాత్రమే మత్తిచ్చి, వీర్యకణాలను మోసే నాళాలను మూసేస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మగ హార్మోను రక్తంలో కలుస్తుంది, దానికి ఈ నాళాలతో పని లేదు. కాబట్టి బలమూ కోరికా ఎక్కడికీ పోవు. మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి, అందాకా వేరే జాగ్రత్త వాడాలి, అంతే.

ఇంత తేలికైన ఆపరేషన్‌ను పక్కనపెట్టి భారమంతా ఆడవాళ్ల పొట్ట మీద ఎందుకు పెట్టాం? 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. దీనికి రాజకీయ చరిత్ర ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976–77లో, దేశంలో 80 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ భాగం మగవాళ్లవి, చాలాచోట్ల బలవంతంగా చేసినవి. 1977 ఎన్నికల్లో ఆ కోపం బద్దలైంది. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి వెళ్లడం తగ్గించి, టార్గెట్లను ఆడవాళ్ల వైపు తిప్పాయి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లాలో ఒకే శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. వాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు. ఈ శిబిరాల పద్ధతినే మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

అపోహ 5: స్త్రీవాదులు మందులకూ సైన్సుకూ అడ్డం పడతారు.

వాస్తవం: 1985లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించబోయారు. అది ప్రయోగమనీ, దుష్ఫలితాలు ఉండవచ్చనీ పేద స్త్రీలకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి ఆ సంగతి చెప్పగానే చాలామంది వద్దన్నారు. స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ సంస్థ కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కాయి. పాతికేళ్లకు అదే కథ ఖమ్మం జిల్లాలో మళ్లీ జరిగింది. 2009లో గిరిజన ప్రాంతాల్లో 10–14 ఏళ్ల బాలికలు వేలమందికి హెచ్‌పీవీ టీకాలు వేశారు. చాలాచోట్ల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. స్త్రీల సంఘాలు బయటపెట్టాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని విచారణ కమిటీ చెప్పింది. అనుమతులు తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తూర్పారబట్టింది.

హెచ్‌పీవీ టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. 9–14 ఏళ్ల బాలికలకు వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అంత మంచి టీకా మీద అనుమానాలు రేపింది ప్రశ్నలు అడిగినవాళ్లు కాదు, చెప్పకుండా సూది గుచ్చినవాళ్లు. సైన్సు మీద స్త్రీవాదులకున్న గౌరవం తెలియాలంటే 1991లో హైదరాబాద్ స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ చూడండి. ఒంటి గురించి అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు తెలుగులో జవాబులు చెప్పిన పుస్తకమది.

అపోహ 6: కట్నం ఇచ్చి, పసుపు కుంకుమ కింద ఏదో రాసి పంపాం. ఇక ఆస్తిలో వాటా ఏమిటి?

వాస్తవం: ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచి నేరమైన కట్నం, ఆస్తి హక్కుకు చెల్లుచీటీ ఎలా అవుతుంది? ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది అందలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి స్వార్జితాన్ని మాత్రం ఆయన వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు.

అయినా పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టేస్తున్నవాళ్లున్నారు. ఆ సంతకం ఖరీదు ఆరోగ్యంలో కనిపిస్తుంది. ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. సొంత పేరున ఇల్లో పొలమో ఉన్న స్త్రీల మీద భర్తల హింస చాలా తక్కువని అది చూపింది. వెళ్లడానికి ఒక చోటు ఉన్న మనిషి మీద చెయ్యెత్తే ముందు ఎవరైనా ఆలోచిస్తారు.

అపోహ 7: పేరుకే ఆమె సర్పంచి, పెత్తనమంతా మొగుడిది. రిజర్వేషన్ దండగ.

వాస్తవం: భర్తలు కుర్చీ లాక్కోవడం నిజమే. మగ సర్పంచి వెనక దొరో, కాంట్రాక్టరో, ఎమ్మెల్యేనో ఉంటే మాత్రం ‘మగవాళ్లకు పదవులు దండగ’ అని ఎవరూ అనరు. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ దుఫ్లో బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, స్త్రీలకు రిజర్వైన చోట్ల తాగునీటి మీద పెట్టుబడి ఎక్కువని తేలింది. ఆ ఊళ్ల ఆడవాళ్లు ఎక్కువగా మొరపెట్టుకున్నదీ నీటి గురించే. నీళ్ల బిందె ఎవరి నెత్తిన ఉంటుందో వాళ్ల మాట బడ్జెట్‌లోకి వచ్చిందన్నమాట.

ఆడవాళ్లకు రాజకీయాలు పట్టవన్న మాటకూ కాలం చెల్లింది. 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్ల కన్నా పదహారు శాతం పైగా వెనకబడిన స్త్రీల పోలింగ్, 2019, 2024లలో వాళ్లను కొద్దిగా దాటింది. అయినా 2024లో గెలిచిన 543 మందిలో స్త్రీలు 74 మందే. చట్టసభల్లో మూడో వంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందినా, దాని అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు.

అపోహ 8: ఎంతమందిని కనాలన్నది దేశం అవసరాన్ని బట్టి తేల్చాలి.

వాస్తవం: తేలిస్తే ఏమవుతుందో మనం చూశాం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హుల్ని చేసింది. ఒక చేత్తో ఆడవాళ్లకు సీట్లిచ్చి, ఇంకో చేత్తో తలుపు వేసిన చట్టమది. మూడో కాన్పు వద్దనే అధికారం ఇంట్లో ఆమెకు ఎప్పుడుంది? కొడుకు కోసం మళ్లీ కనమన్నది అత్తింటివారు, అనర్హత పడింది ఆమె మీద. 2019–21 సర్వే నాటికే సంతాన రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7కి, తెలంగాణలో 1.8కి దిగింది. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధనను ఎత్తేసింది, తర్వాత తెలంగాణా అదే దారి పట్టింది. ఎత్తేయడం మంచిదే. దానివెంటే ఎక్కువమందిని కనమని వేదికల మీద పిలుపులు మొదలయ్యాయి. నిన్న ‘చాలు’ అన్నదీ నేడు ‘ఇంకా’ అంటున్నదీ ఆమెను అడిగి కాదు.

పిల్లలు కావాలని ప్రభుత్వం నిజంగా అనుకుంటే చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. కూలి స్త్రీ పనికి వెళ్లి వచ్చేదాకా తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం, అసంఘటిత రంగంలోనూ జీతంతో ప్రసూతి సెలవు, బిడ్డను ఎత్తుకోవడం తన పని కూడా అని తండ్రికి గుర్తుచేసే సెలవు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపిగ్గా వినే డాక్టరు. కనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆమే చూసుకుంటుంది. ఓటు అడగడానికి ఇంటికొచ్చే అభ్యర్థిని వీటికి ఎంత డబ్బు కేటాయిస్తావని అడిగితే, అది ఆడవాళ్ల సమస్య అని అతను తప్పించుకోలేని రోజు రావాలి.