పాత ఛాయాచిత్రాల్లో కౌబాయ్ టోపీ: చిత్రాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అమెరికా పశ్చిమ ప్రాంతంలో వెడల్పు అంచు టోపీ ఎలా వ్యాపించిందో వివరించగలుగుతారు.
• పాత ఛాయాచిత్రం ఏ విషయంలో సాక్ష్యమో, ఏ విషయంలో కాదో గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

కౌబాయ్ అనగానే గుర్రం, తుపాకీ, పెద్ద టోపీ గుర్తుకొస్తాయి. తెలుగు ప్రేక్షకులకు ఈ రూపాన్ని బాగా దగ్గర చేసింది 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రం. అసలు కౌబాయ్ మాత్రం పశువుల కాపరి, కూలీ. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక టెక్సాస్ నుంచి వేల పశువులను ఉత్తరాన రైలు మార్గాల దాకా తోలుకుపోయేవారు. 1867లో కాన్సాస్‌లోని అబిలీన్ అలాంటి కేంద్రమయింది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. ఆ తీగతో బయళ్ళకు కంచెలు పడ్డాయి. 1886-87 చలికాలంలో పశువులు విపరీతంగా చనిపోయాయి. అంటే ఆ తోలకాల యుగం నడిచింది సుమారు ఇరవై ఏళ్ళే.

2. టోపీ పుట్టుక

ఈ వృత్తి మెక్సికో పశువుల కాపరులైన 'వకేరో'ల నుంచి వచ్చింది. వారి టోపీ పేరు 'సొంబ్రేరో'. స్పానిష్‌లో 'సొంబ్రా' అంటే నీడ. పేరులోనే దాని ఉపయోగం ఉంది.

జాన్ బి. స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో టోపీల వ్యాపారం ప్రారంభించాడు. ఆయన తయారుచేసిన 'బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్' టోపీకి చదునైన వెడల్పు అంచు, మడతలేని గుండ్రటి పైభాగం ఉండేవి. జంతువుల బొచ్చును తడి, వేడి, ఒత్తిడితో గట్టిపరిస్తే ఫెల్ట్ తయారవుతుంది. ఆ ఫెల్ట్ ఎండకూ వానకూ తట్టుకునేది. నేడు మనం చూసే నొక్కులు, పైకి వంగిన అంచులు మొదట్లో లేవు. వాడినవారి చేతుల్లో టోపీ రూపం మారింది, తరువాత ఆ రూపాలే ఫ్యాషన్ అయ్యాయి.

3. రెండు ఛాయాచిత్రాలు

3.1 బిల్లీ ద కిడ్: ఇతని ప్రసిద్ధ చిత్రం న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో 1879-80 ప్రాంతంలో తీసిన టిన్‌టైప్. ఈ పద్ధతిలో నెగెటివ్ ఉండదు. పలుచని ఇనుపరేకు మీదే బొమ్మ పడుతుంది, అందువల్ల అది అద్దంలో లాగా కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. చిత్రంలో పిస్తోలు ఎడమ నడుముకు ఉండటంతో అతను ఎడమచేతివాటం అని చాలాకాలం నమ్మారు. 1958లో ఆ పేరుతోనే ఒక హాలీవుడ్ చిత్రం కూడా వచ్చింది. అతని చేతిలోని 1873 నమూనా వించెస్టర్ తుపాకీకి గుళ్ళు దూర్చే ద్వారం కుడివైపు ఉంటుంది, చిత్రంలో మాత్రం ఎడమవైపు కనిపిస్తుంది. అసలు విషయం చెప్పింది ఆ చిన్న వివరమే.

రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆనాటి రసాయనాలు నీలిరంగును తెల్లగా, ఎరుపును నల్లగా చూపేవి. టోపీ నల్లగా కనిపించినంత మాత్రాన అది నల్లటోపీ కాదు.

3.2 ఫోర్ట్ వర్త్ బృందం: 1900లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో జాన్ స్వార్ట్జ్ స్టూడియోలో ఐదుగురు ఫొటో దిగారు. వారు బుచ్ కాసిడీ, సండాన్స్ కిడ్‌లతో కూడిన 'వైల్డ్ బంచ్' దొంగల ముఠా. ఐదుగురి తలల మీదా ఉన్నవి బౌలర్ టోపీలు, అంటే లండన్‌లో 1849లో రూపొందిన గుండ్రటి నగర టోపీలు. కోటు, బూటులతో వారు వర్తకుల్లా కనిపిస్తారు. ఈ చిత్రమే తరువాత పింకర్‌టన్ డిటెక్టివ్‌ల చేతికి చిక్కి, వారిని వెతకడానికి ఉపయోగపడింది.

4. ప్రదర్శన నుంచి సినిమాకు

'బఫెలో బిల్' కోడీ 1883లో ప్రారంభించిన ప్రదర్శన 1887లో లండన్ చేరింది. టికెట్టు కొన్న ప్రేక్షకుడికి దూరం నుంచే కనిపించాలంటే టోపీ పెద్దదిగా ఉండాలి. 1920లలో సినీ నటుడు టామ్ మిక్స్ మరింత ఎత్తయిన టోపీలు ధరించాడు. పని కోసం పుట్టిన టోపీ ఇలా వేషంలో భాగమైంది.

5. చట్రంలోకి రానివారు

కౌబాయ్‌లలో దాదాపు నాలుగోవంతు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లు, ఆదివాసులు కూడా ఈ పనిలో ఉన్నారు. పాత సినిమాల్లో వీరు దాదాపు కనిపించరు. టెనెసీలో బానిసగా పుట్టిన నాట్ లవ్ 1907లో ఆత్మకథ ప్రచురించాడు. అందులో అతను అంచు పైకి వంచిన టోపీతో, చుట్టిన పగ్గంతో, తుపాకీతో నిలబడిన చిత్రం ఉంది. అదే పుస్తకంలో రైల్వే పోర్టరు దుస్తుల్లోనూ కనిపిస్తాడు. పశువుల తోలకాలు ఆగిపోయాక అతని బతుకు అటు మళ్ళింది. మొదటి చిత్రం ఒక్కటే చూస్తే వీరుడు కనిపిస్తాడు, రెండూ కలిపి చూస్తే చరిత్ర కనిపిస్తుంది.

6. సారాంశం

ఛాయాచిత్రం అబద్ధం చెప్పదనే నమ్మకం సగమే నిజం. మనిషి ఎలా జీవించాడో, ఎలా కనిపించాలనుకున్నాడో రెండూ అందులో కలిసే ఉంటాయి. కాబట్టి ప్రతి చిత్రాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరు తీశారు? ఎక్కడ తీశారు? ఏ పద్ధతిలో తీశారు? ఎవరు చూడాలని తీశారు? మీ ఇంట్లోని పాత స్టూడియో ఫొటోలకూ ఈ ప్రశ్నలే వర్తిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టిన్‌టైప్ చిత్రంలో కుడి ఎడమలు ఎందుకు తారుమారవుతాయి?
2. ఫోర్ట్ వర్త్ చిత్రం కౌబాయ్ టోపీ గురించిన సాధారణ అభిప్రాయాన్ని ఎలా సవరిస్తుంది?
3. నాట్ లవ్ రెండు చిత్రాలను పోల్చి పది వాక్యాలు రాయండి.