గర్భసంచి వేరు, అండాశయాలు వేరు

“పిల్లలు పుట్టేశారు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంక గర్భసంచితో పనేముంది? తీయించేసుకుంటే ఓ బాధ వదిలిపోతుంది.” తెలుగు ఊళ్లలో నలుగురు ఆడవాళ్లు కూడిన చోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. అది మాటతో ఆగడం లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లయినా నిండలేదు.

ఈ అంకెల వెనక పేదరికం ఉంది. నెలనెలా బాధతో కూలి పోగొట్టుకోలేని పరిస్థితి ఉంది. అవసరం లేకపోయినా కత్తి పట్టే ఆసుపత్రుల ఆశ ఉంది. వాటన్నిటికీ తోడు, పొత్తికడుపులో ఏది ఎక్కడుంటుందో, ఏది ఏ పని చేస్తుందో ఆడవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం కూడా ఉంది.

గర్భసంచి చూడటానికి పెద్ద అవయవమేమీ కాదు. కాన్పులు కానప్పుడు తలకిందులుగా పట్టుకున్న చిన్న జామకాయంత ఉంటుంది. పొడవు ఏడున్నర సెంటీమీటర్లు, బరువు 50 నుంచి 60 గ్రాములు. దాని ముందు మూత్రాశయం, వెనక పెద్దపేగు చివరి భాగం ఉంటాయి. నెలలు నిండేసరికి అదే గర్భసంచి దాదాపు కిలో బరువుకు పెరుగుతుంది, కాన్పయ్యాక ఆరు వారాల్లో మళ్లీ ఇంచుమించు పాత పరిమాణానికి వచ్చేస్తుంది. దాని గోడంతా కండరమే. లోపలివైపు ఎండోమెట్రియం అనే మెత్తని పొర ఉంటుంది. నెలసరిలో రక్తంతో పాటు ఊడిపోయేది ఈ పొరే. అడుగున ఉండే సన్నటి భాగం గర్భాశయ ముఖద్వారం, అది యోనిలోకి తెరుచుకుంటుంది.

గర్భసంచి పై మూలల నుంచి రెండు పక్కలకూ 10, 12 సెంటీమీటర్ల పొడవున్న రెండు నాళాలు సాగుతాయి. ఇటలీకి చెందిన శరీర శాస్త్రవేత్త గాబ్రియేలే ఫాలోపియో 1561లో అచ్చయిన తన గ్రంథంలో వీటిని వర్ణించాడు. అందుకే వీటిని ఫాలోపియన్ నాళాలు అంటున్నారు. అండం, వీర్యకణం కలుసుకునేది ఇక్కడే. పిల్లల ఆపరేషన్‌లో డాక్టర్లు ముడివేసి కత్తిరించేది కూడా వీటినే. ఆ ఆపరేషన్ గర్భసంచినీ తాకదు, అండాశయాలనూ తాకదు. కాబట్టే దాని తర్వాత కూడా నెలసరి ఎప్పటిలాగే వస్తుంది.

నాళాల చివర, గర్భసంచికి చెరో పక్కన అండాశయాలు ఉంటాయి. ఒక్కోటి మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెల పిండంగా ఉన్నప్పుడే వీటిలో 60, 70 లక్షల అండకణాలు తయారవుతాయి. పుట్టేసరికి అవి 10 నుంచి 20 లక్షలకు, పెద్దమనిషయ్యేసరికి 3, 4 లక్షలకు తగ్గిపోతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి మాత్రం 400 వరకే. అండాశయాలకు ఇంకో పని కూడా ఉంది. హార్మోన్లు తయారుచేసేవీ అవే.

నెలసరి మొదలయ్యేది కడుపులో కాదు, మెదడులో. మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ నుంచి గంట, గంటన్నరకోసారి ఒక హార్మోన్ చిన్న మోతాదులో విడుదలవుతుంది. మెదడులో తయారయ్యే ఇలాంటి హార్మోన్లను గుర్తించి, నిర్మాణాన్ని తేల్చినందుకు రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీ 1977లో నోబెల్ బహుమతిలో సగభాగం పంచుకున్నారు. ఆ హార్మోన్ అందగానే హైపోథలామస్ కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి మరో హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్‌ను రక్తంలోకి పంపుతుంది. అండాశయంలో కొన్ని అండాల సంచులు ఎదగడం మొదలుపెడతాయి. వారం తిరిగేసరికి వాటిలో ఒకటే ముందుకు సాగుతుంది, తక్కినవి వాడిపోతాయి. ఎదిగే సంచి నుంచి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఊరుతుంది. దాని ప్రభావంతో గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ముఖద్వారం దగ్గరి జిగురు తేటగా, వేళ్ల మధ్య సాగేలా మారుతుంది. ఈస్ట్రోజెన్ ఒక స్థాయి దాటి రెండు రోజులు నిలిస్తే పిట్యూటరీ ఇంకో హార్మోన్ అయిన ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఆ ఉప్పెన మొదలైన 36 గంటలకు అటూఇటూగా అండం విడుదలవుతుంది.

అండం వెళ్లిపోయాక మిగిలిన సంచి పసుపు రంగుకు తిరిగి ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. మందమైన పొరను అది నిలకడగా ఉంచుతుంది. గర్భం నిలవకపోతే ఆ సంచి ఆయుష్షు దాదాపు 14 రోజులు. అది కుంచించుకుపోగానే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొరకు రక్తం అందించే సన్నటి ధమనులు ముడుచుకుంటాయి, పొర ఊడి నెలసరి వస్తుంది. ఒకసారికి పోయే రక్తం సగటున 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధిక రక్తస్రావం కిందే లెక్క.

ఇంత పని చేయించే హార్మోన్లు రక్తంలో ఉండేది లేశమాత్రమే. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిసీ 1930లలో అండాశయాల్లోని ప్రధాన ఈస్ట్రోజెన్‌ను వేరుచేయడానికి నాలుగు టన్నుల పంది అండాశయాలను వాడాల్సి వచ్చింది. చివరికి ఆయన చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు.

ఈ ఏర్పాటు మొత్తంలో గర్భసంచి చాలావరకు ఆజ్ఞలు అందుకునేదే కానీ ఇచ్చేది కాదు. రక్తస్రావం ఎక్కువైందని వచ్చిన మహిళకు వైద్యం మొదలుపెట్టేముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. నలభై దాటాక కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టెరాన్ ఉండదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంటూ పోతుంది. ఆ పొర వేళాపాళా లేకుండా ఊడిపోతుంది. థైరాయిడ్ లోపం వల్ల కూడా నెలసరి ఎక్కువ కావచ్చు. ఇవి రక్తపరీక్షతో, స్కానింగుతో, అవసరమైతే లోపలి పొర ముక్క పరీక్షతో తేలే విషయాలు. చాలామందికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలతోనో, హార్మోన్ మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనంతోనో రక్తస్రావం అదుపులోకి వస్తుంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవారిలో సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి.

తెల్లబట్ట అవుతోందనీ, అది క్యాన్సర్‌కు దారితీస్తుందనీ భయపెట్టి ఆపరేషన్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. వాసన, దురద లేకుండా నెల మధ్యలో అయ్యే తేట తెల్లబట్ట ఈస్ట్రోజెన్ పని చేస్తోందనడానికి గుర్తు. వాసన, దురద, రంగు మార్పు ఉంటే అది చాలావరకు ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే ముఖద్వారానికి పాప్ స్మియర్ వంటి పరీక్ష చేయాలి. పరీక్ష లేకుండా ఆపరేషన్ చేయడం వైద్యం కాదు.

గర్భసంచి తీయక తప్పని పరిస్థితులు లేకపోలేదు. క్యాన్సర్, బాధ పెట్టే పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన గర్భసంచి, ఏ మందుకూ లొంగని రక్తస్రావం అలాంటివి. అప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం కూడా నిలబెట్టవచ్చు. కానీ గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేస్తే సంగతి మారిపోతుంది. ఈస్ట్రోజెన్ ఎముకలను, రక్తనాళాలను, మూత్రమార్గాన్ని, నిద్రను కూడా కాపాడుతుంది. మనదేశంలో ముట్లుడిగే వయసు సగటున 46, 47 ఏళ్లు. అది కూడా కొన్నేళ్లపాటు మెల్లగా జరిగే మార్పు. ముప్పై రెండేళ్ల మనిషికి రెండు అండాశయాలూ తీసేస్తే ఆ మార్పంతా రోజుల్లో వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి ముందు కనిపిస్తాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు తర్వాత బయటపడతాయి. అండాశయాలను ఉంచినా, వాటికి వెళ్లే రక్తంలో కొంత గర్భసంచి ధమని నుంచే అందుతుంది కాబట్టి అవి మామూలు కంటే ముందే అలసిపోయే అవకాశం ఉంది.

ఆపరేషన్ అయిపోయినవారు డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి చూడాలి. టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచిని పూర్తిగా తీశారని అర్థం. దాని పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు నాళాలు, రెండు అండాశయాలు కూడా తీశారన్నమాట. ఆ రెండో మాట ఉండి, వయసు 45 లోపైతే ఎముకల సాంద్రత పరీక్ష గురించీ హార్మోన్ చికిత్స గురించీ స్త్రీల వైద్య నిపుణులను తప్పక అడగాలి.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్‌పై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ అమలు ప్రతి జిల్లాలో కనిపించాలి. ఈలోగా ఎవరైనా గర్భసంచి తీయాలంటే మూడు ప్రశ్నలు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి? మందులతో తగ్గే దారి లేదా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? జవాబు సరిగా రాకపోతే ఇంకో డాక్టరుకు చూపించుకోండి. మీరు తోడు వెళ్లిన మీ అమ్మకో, అక్కకో, వదినకో ఈ ప్రశ్నలు గుర్తులేకపోతే మీరే అడగండి.