పంతులమ్మకు పాఠం చెప్పేదెవరు?

పసిపిల్లలను గురించి వ్రాయని పత్రిక మనకు లేదు. వారికేమి పెట్టాలి, ఎప్పుడు నిద్రపుచ్చాలి, మారాం చేస్తే ఎలా సముదాయించాలి అని తల్లులకు చెప్పేవారు కొల్లలు. కాని మూడేళ్లు నిండగానే ఆ పిల్లను చేయిపట్టి తీసుకువెళ్లి ఎవరికి అప్పగించి వస్తున్నామో, ఆ పంతులమ్మను గురించి మాట్లాడేవారు అరుదు. ఆమె జీతమెంత అని కొందరడుగుతారు. ఆమెకు ఇంగ్లీషు వచ్చునా అని మరికొందరడుగుతారు. ఆమెకు పని నేర్పేవారెవరు, పొరపాటు పడినప్పుడు దిద్దేవారెవరు అని అడిగిన తల్లినిగాని తండ్రినిగాని నేనింతవరకు చూడలేదు.

అసలు అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా విద్యార్థికి నా పాఠం అర్థం కాకపోతే లైబ్రరీకి పోతాడు, స్నేహితుణ్ణి అడుగుతాడు, ఏదీ కుదరకపోతే వెనుక బెంచీలో హాయిగా కునుకు తీస్తాడు. మూడేళ్ల పిల్లకు ఈ సౌకర్యాలేవీ లేవు. టీచరు ముఖం చిట్లిస్తే ఆ పిల్లకు ఆ పూటంతా దిగులే. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపుననే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధాన పత్రంలో వ్రాశారు. అంతటి కాలాన్ని మనం ఎవరి చేతులలో పెడుతున్నామో, ఆ చేతులకు ఆసరా ఉన్నదో లేదో చూసుకోవద్దా?

తాళం వేయడం మరచిన అలమారా

ఈ సంగతి మొదట గ్రహించినవారిలో మేరియా మాంటిస్సోరి ఒకరు. 1907 జనవరి 6వ తేదీన రోము నగరంలో, శాన్ లొరెంజో అనే పేదలపేటలో ఆమె శిశుగృహాన్ని తెరిచారు. ఆమె స్వయంగా డాక్టరు. వేరే పనుల ఒత్తిడివల్ల రోజంతా అక్కడ ఉండడానికి వీలులేదు. అందుచేత పిల్లలను చూడడానికి ఒక సామాన్య స్త్రీని నియమించారు. ఆవిడ ఉపాధ్యాయ శిక్షణ పొందినది కాదు.

ఒకనాడు ఆ టీచరు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ముందురోజు అలమారాకు తాళం వేయడం మరచిపోయింది. వచ్చి చూసేసరికి పిల్లలు తలుపు తెరిచి ఎవరికి కావలసిన వస్తువు వారు తీసుకుపోతున్నారు. ఆమెకు అది దొంగతనంగా తోచింది, శిక్షించాలనుకుంది. మాంటిస్సోరి మాత్రం అందులో వేరే విషయం చూశారు. పిల్లలు చేతికందినది లాక్కోవడం లేదు, ఏ వస్తువుతో తమకు పని ఉన్నదో తెలుసుకొని ఎంచుకుంటున్నారు. ఆ తరువాత పొడుగాటి అలమారాల స్థానంలో పిల్లలకందేటట్లు పొట్టి బీరువాలు వచ్చాయి.

టీచరు చూసినదీ మాంటిస్సోరి చూసినదీ ఒకటే దృశ్యం. ఆ చూపునే టీచరుకు అలవాటు చేయడం పెద్దవారి పని. మాంటిస్సోరి తన బడులలోని ఉపాధ్యాయినిని ‘డైరెక్ట్రెస్’, అంటే దారి చూపే మనిషి, అని పిలవడానికి కారణమిదే. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజంవారి ఆహ్వానంపై మద్రాసు వచ్చి, అడయారులో తాటాకు పందిళ్ల క్రింద ఉపాధ్యాయులకు తరగతులు నడిపారు. యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయారు. వేయిమందికి పైగా ఆమె వద్ద శిక్షణ పొందారు. మనవైపు విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి పేరుమీద పాఠశాల స్థాపించారు. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

కోస్‌బాడ్ కొండమీద

మన దేశంలో ఒకరినుంచి ఒకరికి ఈ పని ఎలా అందిందో చూస్తే ముచ్చట వేస్తుంది. గుజరాతులో గిజుభాయి బధేకా వకీలు. కోర్టు విడిచి భావనగరంలోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో బాలమందిరం ప్రారంభించారు. పిల్లలు ఆయనను ‘మీసాల అమ్మ’ అనేవారు. రాజకోటలో ఒక స్త్రీల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న తారాబాయి మోడక్ ఆ పెద్ద ఉద్యోగం వదులుకొని ఆయనతో పనిచేయడానికి వచ్చారు. కళాశాలను నడిపిన మనిషి బాలమందిరంలో పిల్లల మధ్య కూర్చుని మళ్లీ నేర్చుకున్నారన్నమాట.

ఆ తారాబాయిగారు 1945లో బొంబాయికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న బోర్డీ అనే ఊళ్లో గ్రామ బాలశిక్షా కేంద్రం పెట్టినప్పుడు ఆమెతో కలిసిన మనిషి అనుతాయి వాఘ్. పదమూడేళ్లకు పెళ్లయి, ఆరునెలలు తిరగకుండానే భర్తను పోగొట్టుకొని, చదువుకొని పంతులమ్మ అయిన మనిషి ఆమె. కొన్నేళ్లకు కేంద్రం కోస్‌బాడ్ కొండమీదికి మారింది. అక్కడ వార్లీ గిరిజనుల పిల్లలు బడికి రాలేదు. పశువుల వెంట, చంటిపిల్లల వెంట ఉండేవారు. పిల్లలు బడికి రాకపోతే బడినే పిల్లల వద్దకు పంపారు. గూడెంలో ఎవరి ముంగిటనో పిల్లలను పోగుచేసేవారు. ముందు స్నానం చేయించడం, గోళ్లు తీయడం, తల దువ్వడం, ఆ తరువాత పాటలు, ఆటలు. ఖరీదైన పరికరాల బదులు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు. ‘అంగణం’ అంటే ముంగిలి. ‘అంగన్‌వాడీ’ అన్న మాట ఆ ముంగిటిలోంచి పుట్టినదే.

1973లో తారాబాయిగారు పోయారు. ఆమెతో పని ఆగిపోలేదు. 1992లో తాను కన్నుమూసేవరకు అనుతాయి ఆ కేంద్రాన్ని నడిపారు. నాయకత్వానికి పరీక్ష ఇదేనని నాకనిపిస్తుంది. తన తరువాత ఆ పని చేయగలిగిన మనిషిని తయారుచేశారా లేదా?

రిజిస్టరా? పిల్లవాడా?

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఈనాడు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలయింది. ఒక్కొక్క కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. సుమారు పాతిక కేంద్రాలకు ఒక సూపర్‌వైజరు. టీచరు చేతిలో ఎన్ని పనులని! పిల్లల బరువు తూయాలి, గర్భిణులకు సరుకులివ్వాలి, టీకాలకు పిలుచుకురావాలి, లెక్కలు వ్రాయాలి, ఫోనులో ఎక్కించాలి. వీటి నడుమ పాటలు, కథలు. ఇక సూపర్‌వైజరు వచ్చిందంటే టీచరు గుండె దడదడలాడుతుంది. రావడం, లెక్క చూడడం, తప్పు పట్టడం, పోవడం - దీనికి తనిఖీ అని పేరు. తనిఖీ అక్కరలేదని నేననను. బియ్యం లెక్క, గుడ్ల లెక్క సరిగా ఉండవలసిందే. కాని లెక్క దిద్దినంత మాత్రాన బడి దిద్దుకోదు.

ఆమధ్య బంధువుల ఊరు వెళ్లినప్పుడు ఒక కేంద్రంలో ఒక పూట కూర్చున్నాను. టీచరు కొత్తది, చేరి నాలుగు నెలలు. పిల్లలు ఒక్కచోట నిలవడం లేదు. పటాలు చూపడానికి పెట్టుకున్న కర్రతో ఆమె మాటిమాటికీ బల్ల మీద కొడుతోంది. అంతలో సూపర్‌వైజరు వచ్చింది, యాభై దాటిన మనిషి. టీచరు గబగబా రిజిస్టర్లు ముందు పెట్టబోయింది.

“అవెక్కడికీ పోవులే అమ్మా! నీ పని నువ్వు కానీ,” అని ఆవిడ పిల్లల మధ్య చాపమీద కూర్చుంది. చింతగింజలు ఏరుతున్న పిల్లతో తానూ ఏరింది. అరగంట సేపు ఒక్క మాట అనలేదు. ఆయమ్మ పిల్లలకు అన్నాలు పెడుతుండగా టీచరును వరండాలోకి పిలిచింది.

“ఇవాళ ఏది బాగా జరిగిందనిపించింది నీకు?”

టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఏదీ లేదు మేడమ్. నాకు చేతకాదేమో. మానేద్దామనుకుంటున్నాను.”

“గోడవార కూర్చున్న ఆ పిల్లవాడు నోరు విప్పడని పోయినసారి చెప్పావు గదూ? ఇందాక నువ్వు పాట ఎత్తుకున్నప్పుడు వాడి పెదవులు కదిలాయి. చూశావా?”

చూడలేదు. బల్లమీద కర్ర కొట్టడంలో మునిగిన మనిషికి అదెలా కనిపిస్తుంది?

“రేపటినుంచి ఒక్కటే చెయ్యి. పాడుతూ పాడుతూ ఒక మాట దగ్గర ఆగి, వాడివంక చూడు. నువ్వు మాత్రం అందించకు. ఈ కర్ర నేను తీసుకుపోతాను. తక్కిన సంగతులు వచ్చేసారి చూద్దాం.”

తరువాతనే రిజిస్టర్లు చూసింది. రెండింటిలో తప్పులున్నాయి, అవీ చెప్పింది, ఎలా వ్రాయాలో చూపింది. రెండు నెలల తరువాత మావాళ్లు చెప్పారు. ఆ టీచరు మానలేదు. ఆమె పాటలో మాట వదిలేస్తే గోడవారి కుర్రవాడే అందిస్తున్నాడట.

నేర్పే తీరు

ఆ సూపర్‌వైజరు చేసినదాంట్లో మంత్రమేమీ లేదు. మొదట చూసింది, తరువాత అడిగింది, ఆ తరువాతనే చెప్పింది. చెప్పినదీ పది విషయాలు కాదు, ఒక్కటి. పది చెబితే కొత్తవారికి ఒక్కటీ నిలవదు. పిల్లల ఎదుట, తల్లుల ఎదుట మందలించలేదు. పిల్లల ముందు చిన్నబుచ్చిన టీచరు ఆ కోపం ఎవరిమీద చూపుతుందో వేరే చెప్పాలా?

ఇంకొక మాట. బడిలో అందరికంటె పిల్లలకు దగ్గరగా మెలిగే మనిషి ఆయమ్మ. ముక్కు తుడిచేది, చేయి కడిగేది, ఏడిస్తే ఎత్తుకునేది ఆవిడే. పెద్ద టీచరు ఆమెను కసిరితే ఆమె పిల్లను కసురుతుంది. పెద్ద టీచరు ఆమెను కూర్చోబెట్టి, “ఈ పిల్ల ఇవాళ సరిగా తినలేదు, ఎందుకంటావు?” అని అడిగితే, ఆ పిల్లను గురించి ఎవరికీ తెలియని సంగతులు నాలుగు బయటపడతాయి. అనుభవమున్న టీచరు ప్రక్కన కొత్త టీచరును కొన్నాళ్లు కూర్చోబెట్టడం, వారానికొకసారి అందరూ కలిసి ఒక్క పిల్లను గురించి మాట్లాడుకోవడం - వీటికి ఖర్చేమీ లేదు, తీరిక కల్పించాలి. ఆ తీరిక కల్పించడమే బడి పెద్ద చేయవలసిన మొదటి పని.

పట్నాలలో ఇప్పుడు వీధికొక ప్లేస్కూలు ఉంది. రంగురంగుల గోడలు, జారుడుబల్లలు చూసి మనం ఫీజు కట్టి వస్తాము. ఈసారి పిల్లను చేర్పించబోయేముందు మరి నాలుగు సంగతులు కూడా విచారించండి. ఇక్కడి టీచర్లు ఎన్నాళ్లనుంచి ఉన్నారు? ఏటేటా మారిపోతున్నారా? వారికి పని నేర్పేవారెవరు? టీచరు తరగతిలో ఉండగా హెడ్‌మిస్ట్రెస్‌గారు ఎప్పుడైనా చాపమీద కూర్చుని చూస్తారా? వీలైతే ఒక గంటసేపు వరండాలో కూర్చుని, ఆవిడ ఆయమ్మతో ఏ గొంతుతో మాట్లాడుతున్నదో వినండి. రేపు మీ అమ్మాయితో ఆ బడిలో మాట్లాడబోయే గొంతు చాలావరకు అదే.