ట్రాక్టరుకు తగిన ట్రాలీ: లాగు బలము, ఆపు బలము

కర్నూలు జిల్లా పడమటి భాగములో పత్తి ఏరు దినములలో ఎమ్మిగనూరు నుండి ఆదోనికి పోవు సుమారు 30 కిలోమీటర్ల మార్గముమీద సరకు నింపిన ట్రాక్టరు ట్రాలీలు తరచుగా కనిపించును. ఆదోని పేరుపొందిన పత్తి విపణి. 1953లో తుంగభద్ర ఆనకట్టనుండి నీరు వదలిన తరువాత దిగువ కాలువ క్రింద ఈ ప్రాంతములో సేద్యము పెరిగినది. ఒకప్పుడు ఎడ్లబండి మోసిన పత్తిని, వేరుసెనగను, ఎరువును, ఇసుకను ఇప్పుడు ఎక్కువగా ట్రాలీయే మోయుచున్నది.

ట్రాలీ కొనునప్పుడు సాధారణముగా అడుగు ప్రశ్న ఒకటే: ఈ ఇంజను ఎన్ని టన్నులు లాగును? ప్రశ్న మంచిదే కాని అది మూడింట ఒక వంతు మాత్రమే. ఆ బరువుతో ట్రాక్టరు ముందుచక్రములు నేలను పట్టియుండునా? ఆ బరువును ట్రాక్టరు ఆపగలదా? అను మరి రెండు ప్రశ్నలు కలవు. ఈ మూడింటికి వచ్చు సమాధానములలో ఏది చిన్నదో అదియే ఆ ట్రాక్టరుకు తగిన బరువు.

మొదట తూకము

లెక్కకు ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ట్రాక్టరు బరువు 2 టన్నులు; దాని శక్తి 40 అశ్వశక్తులు. రెండు చక్రముల ట్రాలీ ఖాళీ బరువు ఒకటిన్నర టన్ను. అందులోని సరకు 5 టన్నులు. మొత్తము 8.5 టన్నులు.

సరకు బరువును కంటితో అంచనా వేయుట ప్రమాదకరము. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల ట్రాలీ పెట్టెలో 120 ఘనపుటడుగులు, అనగా సుమారు 3.4 ఘనమీటర్లు పట్టును. పొడి ఇసుక ఘనమీటరునకు సుమారు 1,600 కిలోలు తూగును. కావున అంచులవరకు ఇసుక నింపినచో 5.4 టన్నులగును. ఏటినుండి అప్పుడే తీసిన తడి ఇసుక ఇంకను ఎక్కువ తూగును. వదులుగా పోసిన పత్తి అదే పెట్టెలో ఇసుకలో పదియవ వంతు కూడ తూగదు. అందుచేత పత్తిని పెట్టెకు పైన చాల ఎత్తుగా నింపుదురు. ఇసుకలో అపాయము బరువువలన. పత్తిలో అపాయము ఎత్తువలన. గరిమనాభి పైకి పోయినకొలది మలుపులో ట్రాలీ ప్రక్కకు ఒరుగుట సులభమగును.

లాగుటకు ఎంత బలము?

ఒక కిలోగ్రాము వస్తువును భూమి ఆకర్షించు బలమును ఇక్కడ ఒక కిలో బలమని అందము. మంచి తారురోడ్డుమీద చక్రములు దొర్లుటకు మొత్తము బరువులో సుమారు నూటికి 2 వంతుల బలము చాలును. 8,500 కిలోలకు ఇది 170 కిలోల బలము. గట్టి మట్టిబాటమీద ఇది నూటికి 5 వంతులు, మెత్తని నేలలో 10 వంతులు, అంతకంటె ఎక్కువయు కావచ్చును.

ఎత్తు ఎక్కునప్పుడు మరియొక బలము కావలెను. 20 మీటర్లు నడచినచో ఒక మీటరు పైకి లేచు వాలుమీద బరువులో ఇరువదవ వంతు, అనగా 425 కిలోల బలము అదనము. రెండును కలిపి 595 కిలోలు. సమతలముమీద కావలసినదానికి ఇది మూడున్నర రెట్లు.

75 కిలోల బలముతో సెకనుకు ఒక మీటరు చొప్పున లాగుట ఒక అశ్వశక్తి. గంటకు 20 కిలోమీటర్లు అనగా సెకనుకు 5.56 మీటర్లు. ఈ వేగముతో సమతలముమీద పోవుటకు సుమారు 13 అశ్వశక్తులు చాలును. అదే వేగముతో పై వాలును ఎక్కుటకు 44 అశ్వశక్తులు కావలెను. 40 అశ్వశక్తుల ఇంజను అందుకు చాలదు. అయితే గేరు తగ్గించి గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పోయినచో 22 అశ్వశక్తులే చాలును. కావున తారురోడ్డుమీద ఇంజను ఎట్లో ఎక్కించును. దీనిని చూచి "బండి లాగినది గదా, బరువు సరిపోయినది" అని అనుకొందురు. పొరపాటు ఇక్కడనే ఆరంభమగును.

నేలపట్టు, ముందుచక్రములు

ఇంజను ఎంత తిప్పినను, చక్రము నేలను పట్టినంతవరకే లాగుడు. ట్రాక్టరు 2,000 కిలోలలో సుమారు 1,250 కిలోలు వెనుకచక్రములమీద, 750 కిలోలు ముందుచక్రములమీద ఉండుననుకొందము. పొడి రోడ్డుమీద వెనుకచక్రములు తమపై గల బరువులో సుమారు నూటికి 60 వంతుల బలముతో నేలను పట్టగలవు. వానకు తడిసిన నల్లరేగడిలో ఇది 30 వంతులకు, కొన్నిచోట్ల అంతకు తక్కువకు పడిపోవును. అప్పుడు చక్రము తిరుగును, బండి కదలదు.

రెండుచక్రముల ట్రాలీ తన బరువులో కొంత కొక్కెముమీద మోపును. ఈ సంగతి ఎడ్లబండి తోలువారికి క్రొత్తది కాదు. ఇరుసునకు ముందు బరువెక్కువైనచో కాడి ఎడ్ల మెడలను అణచును. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి మెడక్రింది పట్టె గొంతును నొక్కును. కావున బండివాడు మూటలను ఇరుసునకు కొంచెము ముందుకు మొగ్గునట్లు సర్దును. ట్రాలీకిని ఇదే సూత్రము.

కొక్కెముమీద 500 కిలోలు పడినవనుకొందము. కొక్కెము వెనుక ఇరుసునకు 0.6 మీటరు వెనుక ఉన్నది; ముందు వెనుక ఇరుసుల మధ్య దూరము 1.9 మీటర్లు. తులాదండ సూత్రము ప్రకారము ముందుచక్రములపై బరువు 500 × 0.6 ÷ 1.9, అనగా 158 కిలోలు తగ్గును. వెనుకచక్రములపై 658 కిలోలు పెరుగును. వెనుక పట్టు పెరిగినది. ముందు పట్టు తగ్గినది.

లాగుడు బలము కూడ ముందుభాగమును లేపును. పై వాలుమీద ట్రాలీని లాగుటకు 455 కిలోల బలము కావలెను. కొక్కెము నేలకు 0.45 మీటరు ఎత్తున ఉన్నచో ఇది ముందుచక్రములనుండి మరి 108 కిలోలు తగ్గించును. మిగిలినవి 484 కిలోలు. అదే కొక్కెమును 0.9 మీటరు ఎత్తున తగిలించినచో తగ్గునది 216 కిలోలు; మిగులునవి 376 మాత్రమే. స్టీరింగు మాట వినుటకు ట్రాక్టరు బరువులో కనీసము అయిదవ వంతు, ఇక్కడ 400 కిలోలు, ముందుచక్రములపై ఉండవలెను. కొక్కెము ఎత్తు ఒక్కటి మార్చినంతనే ట్రాక్టరు ఆ హద్దు దాటినది.

కావుననే లాగు గొలుసుగాని ట్రాలీగాని వెనుక ఇరుసు కంటె ఎత్తున ఎన్నడును తగిలింపరాదు. 1917లో అమెరికాలో తయారుకాసాగిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరులు నాగలి బండకు తట్టుకొన్నప్పుడు ముందుకాళ్ళెత్తి వెనుకకు తిరుగబడుటకు పేరుమోసినవి. నాగలిని మూడు చోట్ల పట్టు హ్యారీ ఫెర్గుసన్ అమరిక 1930 తరువాతి దశాబ్దములో వచ్చి, దున్నునప్పుడు ఈ అపాయమును చాలవరకు తగ్గించినది. కాని ట్రాలీ లాగునప్పుడు జాగ్రత్త వహింపవలసినవాడు తోలువాడే.

ఆపుటకు ఎంత బలము?

రాయలసీమ పల్లెలలో ఎడ్లచేత బండ లాగించు పోటీలు జరుగును. అచట లాగు బలమొక్కటే పరీక్ష. ఎడ్లు నిలిచినచో బండ తనంతట తానే నిలుచును. చక్రములున్న ట్రాలీ అట్లు నిలువదు. దానిని ఆపవలెను.

సాధారణ ట్రాక్టరుకు బ్రేకులు వెనుకచక్రములకే ఉండును. చాల ట్రాలీలకు బ్రేకులే ఉండవు. ఒంటరి ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్ల వేగమునుండి, పొడి రోడ్డుమీద, సుమారు 4 మీటర్లలో ఆగగలదు. ట్రాలీ తగిలించిన తరువాత వెనుకచక్రములపై 1,900 కిలోలు ఉండును. బ్రేకు బలము గరిష్ఠముగా 1,140 కిలోలు. కాని ఆపవలసినది 8,500 కిలోలను. దూరము సుమారు 12 మీటర్లగును. వేగము 30 కిలోమీటర్లైనచో 26 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లు. దూరము రెండు రెట్లకు పైగా. ఏలయన గతిశక్తి వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగును.

ఇరువదింట ఒక వంతు వాలు దిగునప్పుడు బరువే బండిని ముందుకు త్రోయును. 20 కిలోమీటర్ల వేగమున 19 మీటర్లు, 30 కిలోమీటర్ల వేగమున 42 మీటర్లు కావలెను. వాన పడి రోడ్డుపట్టు సగమైనచో, 20 కిలోమీటర్ల వేగమునకే 90 మీటర్లు దాటును. అడ్డము వచ్చినదానిని చూచి కాలు బ్రేకుపై పెట్టు ఒక సెకనులో జరుగు అయిదున్నర మీటర్లు వీనికి అదనము. ఎత్తు సునాయాసముగా ఎక్కించిన ఇంజనే, అదే వాలు దిగునప్పుడు ఆపలేని బరువును వెనుక కట్టుకొనియున్నదన్నమాట.

ట్రాలీ చక్రములకు కూడ బ్రేకులుండి, అవి పట్టగలదానిలో సగమే పట్టినను, సమతలముమీద ఆగు దూరము 12 మీటర్లనుండి 5 మీటర్లకు లోపునకు దిగును. ఖర్చు స్వల్పము, లాభము ప్రాణము.

ఇతర దేశముల ఉదాహరణము

అమెరికా, ఐరోపా దేశములలో సెలవులకు పోవువారు పడకయు వంటసామగ్రియు గల చిన్న ఇంటివంటి ట్రైలరును కారువెనుక తగిలించుకొని పోవుదురు. వారికిని ఇవే మూడు ప్రశ్నలు. బ్రిటనులో క్రొత్తవారికి ఇచ్చు సలహా: ట్రైలరు బరువు కారు బరువులో నూటికి 85 వంతులు మించరాదు. అమెరికాలో ట్రైలరు బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెముమీద ఉండునట్లు సర్దుదురు. తక్కువైనచో వేగములో ట్రైలరు తోకవలె అటునిటు ఊగును. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండితీరవలెను.

పై ఉదాహరణములో ట్రాలీ తనను లాగు ట్రాక్టరుకు మూడు రెట్ల పైన బరువున్నది. ఇది కొంతవరకు చెల్లుట వేగము తక్కువగుటవలననే. గంటకు 80 కిలోమీటర్లు పోవు కారుతో పోల్చినచో, 20 కిలోమీటర్లు పోవు ట్రాక్టరులో ప్రతి కిలో బరువునకు గల గతిశక్తి పదునారవ వంతు. వేగము పెంచినచో ఆ రక్షణ పోవును.

పాటింపదగిన నియమములు

ట్రాలీ ఖాళీ బరువు, మొత్తము అనుమతించిన బరువు నమోదు పత్రములో ఉండును. ట్రాక్టరు తయారీదారు చెప్పిన లాగుడు పరిమితితో వానిని పోల్చవలెను. అనుమానమున్నచో ఒకసారి తూకపు వంతెనమీద తూచి, ఆ బరువునకు సరకు పెట్టెలో ఎంత ఎత్తు వచ్చునో గుర్తు పెట్టవచ్చును. రోడ్డుమీద కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను రెండింటిని కలిపి కొక్కి వేయవలెను. ఒక్కటే నొక్కినచో ట్రాక్టరు గిర్రున తిరుగును. ఎక్కుటకు ఏ గేరు వాడిరో దిగుటకును ఆ గేరే వాడవలెను. డీజిలు ఆదా కొరకు న్యూట్రలులో దిగుట ఇంజను ఇచ్చు బ్రేకును చేజార్చుకొనుటయే. ట్రాలీలో మనుష్యులను ఎక్కించుట చట్టసమ్మతము కాదు. సరకునకే చాలని బ్రేకు మనుష్యులకు ఎట్లు చాలును?

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ఒక చిన్న బొమ్మబండి, స్ప్రింగుత్రాసు, పలక చాలును. పలకను బల్లమీద పరచి బండిని లాగి త్రాసు చూపు బలమును వ్రాసికొనవలెను. తరువాత పలక ఒక కొన క్రింద పుస్తకములు పెట్టి మరల లాగవలెను. రెండుచక్రముల బండి అయినచో, దాని నొగను వంటింటి త్రాసుపై ఆనించి, ఇటుకముక్కను ఇరుసునకు ముందునకు, వెనుకకు జరుపుచు త్రాసు ఏమి చూపునో గమనింపవచ్చును. చివరకు బండిని వాలుమీద వదలి, ఖాళీగా ఎంతదూరము పోవునో, బరువుతో దేనిని ఎంతగా ఢీకొనునో చూడవచ్చును. పల్లెనుండి వచ్చిన విద్యార్థి ఆ లెక్కను ఇంటికి తీసికొనిపోయి, తమ ట్రాక్టరు, తమ ట్రాలీ బరువులతో మరల వేసి తండ్రికి చూపినచో పాఠము పూర్తియగును.