మీకు తెలుసా? ఒక బ్యాక్టీరియా రెచ్చగొడితే ఇంకొకటి ఊరుకోబెడుతుంది

పెండిల్ హిల్‌లోని మన ఇళ్లలో పెరుగు తోడుకు చాలామంది సూపర్‌మార్కెట్ డబ్బాలోంచే ఒక చెంచా తీస్తుంటారు. ఈసారి ఆ డబ్బా మీది చిన్న అక్షరాలు చదవండి. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్, కొన్నిట్లో ఎసిడోఫిలస్, బైఫిడోబ్యాక్టీరియం కూడా కనిపిస్తాయి. మనం అన్నిటినీ కలిపి మంచి బ్యాక్టీరియా అనేస్తాం. పేగుల్లోని రక్షణ కణాలు మాత్రం వాటిని ఒకే గాటన కట్టవు.

పేగు గోడ లోపల డెండ్రైటిక్ కణాలని కొన్ని కాపు కాస్తుంటాయి. గోడ కణాల సందుల్లోంచి పొడవాటి చేతులు చాచి, అటుగా పోయే సూక్ష్మజీవుల్ని తడిమి చూస్తాయి. చేతికి ఏది తగిలిందన్నదాన్ని బట్టి మిగతా రోగనిరోధక కణాలకు కబురు వెళ్తుంది: పోరాడమనో, ఊరుకోమనో. పోరాడమనే కబుర్లలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రోటీన్.

2002లో డెన్మార్క్, అమెరికా పరిశోధకులు ఎలుకల డెండ్రైటిక్ కణాల మీద రకరకాల లాక్టోబాసిల్లస్‌లను వేసి చూశారు. కేసై రకం తగిలితే ఇంటర్‌ల్యూకిన్-12 బాగా పుట్టుకొచ్చింది. రూటెరై రకానికి కొద్దిగానే వచ్చింది. మరి రెండూ కలిపి వేస్తే? కేసై రేపిన స్పందనను రూటెరై అణిచేసింది! రెండూ ఒకే కుటుంబానివి, రెండూ ప్రోబయోటిక్ పేరుతో అమ్ముడుపోయేవే. డబ్బాలో ఎన్ని రకాలుంటే అంత మంచిదన్న నమ్మకం ఇక్కడే తేలిపోతుందని నాకనిపిస్తుంది.

అది ప్రయోగశాలలో, ఎలుక కణాల సంగతి. పసిపిల్లల దగ్గరికి వస్తే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో 32 వారాలైనా నిండకుండా, కిలోన్నర బరువైనా లేకుండా పుట్టిన 1,099 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగంమందికి రెండు రకాల బైఫిడోబ్యాక్టీరియంతో పాటు, పెరుగులో ఉండే థర్మోఫిలస్ కూడా కలిపి పట్టారు. మిగతావాళ్లకు బ్యాక్టీరియా లేని పొడి. 2013లో ఫలితాలొచ్చాయి. పేగు కణజాలం చచ్చిపోయే ప్రాణాంతక జబ్బు, పొడి తీసుకున్నవాళ్లలో 4.4 శాతం మందికి వస్తే, బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లలో 2 శాతానికే వచ్చింది. ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన తెలుగు నేలకు పక్కనున్న ఒడిశాలో కథ వేరు. 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులను తీసుకుని, వాళ్లలో సగంమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం ఒక్కదాన్నే, దానికి మేతగా పనికొచ్చే ఒక చక్కెరతో కలిపి వారం రోజులు పట్టారు. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 2017లో నేచర్ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి పడిపోయాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం న్యాయం కాదు. మొదటిదాంట్లో ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న చిట్టి ప్రాణాలు, రెండోదాంట్లో ఊళ్లలో ఆరోగ్యంగా పుట్టిన పిల్లలు. ఒడిశాలో వాడినది కూడా ఏదో ఒక ప్లాంటారం కాదు, ఏటీసీసీ 202195 అనే ప్రత్యేకమైన స్ట్రెయిన్ (ఉపరకం). మందుల షాపులో ప్రోబయోటిక్ కొనేటప్పుడు పేరు చివరనుండే ఆ అంకెలో, అక్షరాలో చూడాలి. అవి లేకపోతే ఆ డబ్బాకు ఏ పరిశోధన వర్తిస్తుందో చెప్పలేం.

ఇంట్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉంటే డాక్టరు చెప్పకుండా ఇవి అసలు పట్టకండి. ప్రోబయోటిక్ ఇచ్చిన అలాంటి బిడ్డ ఒకరు, అదే బ్యాక్టీరియా రక్తంలో చేరి చనిపోవడంతో అమెరికా ఎఫ్‌డీఏ 2023లో వైద్యులను హెచ్చరించింది.