వాలే బండికి వాలని టైరు

పొగమంచు రోజులు మొదలయ్యాయంటే విశాఖ నుంచి పాడేరు వైపు మోటారు సైకిళ్లు బారులు తీరతాయి. సబ్బవరం, చోడవరం, వడ్డాది, మాడుగుల, ఆపైన ఘాట్. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద సూర్యోదయం చూడాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరక తప్పదు. బుల్లెట్లు, హిమాలయన్లు, వెనక సీటు మీద ఒక మనిషి, ఆ వెనక తాళ్లతో బిగించిన సంచులు. కొండెక్కే ముందు టైరు పని చూసుకోవడానికి వీలైన పెద్ద ఊరు చోడవరం. భీమిలి–నర్సీపట్నం రోడ్డు, జనం నోట బీఎన్ రోడ్డు, ఊరి మీదుగానే పోతుంది. దాని గుంతల గురించి ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇలా తిరిగే బండికి వెనక టైరే ముందు అరుగుతుంది. ఇంజిను లాగుడంతా దాని మీదే, లగేజీ బరువూ దాని మీదే. మధ్య భాగం చదునై, గీతలు మాసిపోయి, పదిహేను ఇరవై వేల కిలోమీటర్లకే మార్చాల్సి వస్తుంది. అదే రోడ్డు మీద అదే ఎండలో తిరిగే కారు టైరు నలభై వేలు దాటినా ఇంకా గట్టిగానే ఉంటుంది. అది చూసినవాడికి ఆశ పుట్టడం సహజం. ‘అన్నా, దీనికి కారు టైరు ఎక్కదా ఏటి?’

ఎక్కించినవాళ్లు ప్రపంచంలో లేకపోలేదు. హోండా గోల్డ్‌వింగ్ అనే భారీ బండి 1975లో పుట్టింది. 2001లో వచ్చిన దాని 1800 మోడల్‌కు ఆరు సిలిండర్లు, 1832 సీసీ ఇంజిను, సుమారు 400 కిలోల బరువు. వెనక టైరు 180/60, రిమ్ము 16 అంగుళాలు. కార్లలో 16 అంగుళాల రిమ్ము మామూలే కాబట్టి అమెరికాలో కొందరు యజమానులు ఈ బండి వెనక చక్రానికి 195/55 కారు టైరు బిగించుకున్నారు. తమను తాము డార్క్‌సైడర్లు అని పిలుచుకుంటారు. టైరు రెండు మూడు రెట్లు మన్నిందనీ, లక్షల కిలోమీటర్లు తిరిగినా ఏమీ కాలేదనీ చెబుతారు. వాళ్లంతా అబద్ధాలాడుతున్నారని నేననను. కానీ వాళ్ల బండి బరువు వేరు, వాళ్ల రోడ్డు వేరు. గంటల తరబడి తిన్నగా సాగే హైవే మీద వెనక టైరు ఎక్కువ సేపు నిటారుగానే దొర్లుతుంది. ఆ అనుభవాన్ని పాడేరు ఘాట్‌కు తెచ్చి అతికించడం దగ్గరే నా అభ్యంతరమంతా.

కారు మలుపు తిరగాలంటే స్టీరింగ్ తిప్పితే చాలు. చక్రాలు దాదాపు నిటారుగానే ఉంటాయి, టైరు రోడ్డుకు ఆనే భాగం పెద్దగా మారదు. అందుకే కారు టైరును చదునుగా, అంచుల దగ్గర కోణంగా చేస్తారు. మోటారు సైకిల్ అలా తిరగదు, పక్కకు వాలి తిరుగుతుంది. దాని టైరును ముందు నుంచి చూస్తే ఆనేచోటు విల్లులా వంగి ఉంటుంది. బండి ఎంత వాలితే అంత మేర ఆ వంపు మీద ఆనేచోటు జరుగుతూ పోతుంది, పట్టు మాత్రం ఎక్కడా తెగదు. పైగా గుండ్రటి టైరు వాలినప్పుడు, వాలిన వైపే దొర్లాలని చూస్తుంది. మలుపులో బండిని లోపలికి తిప్పే బలం చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. మనం హ్యాండిల్‌ను కొంచెం తాకితే చాలనిపించేది అందుకే.

ఒక లెక్క చూడండి. పాతిక మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి దాదాపు 27 డిగ్రీలు వాలాలి. రేసులు అక్కర్లేదు, దూకుడు అక్కర్లేదు. ఘాట్ రోడ్డు మీద సంసారపక్షంగా నడిపే మనిషికీ ఇది తప్పదు. ఈ వాలులో చదును టైరు ఏం చేస్తుంది? దాని వెడల్పంతా ఒకవైపు గాలిలోకి లేస్తుంది, రెండోవైపు భుజం అంచు మాత్రమే రోడ్డుకు ఆనుతుంది. పక్క గోడ నలిగి కొంత సర్దుకుంటుంది నిజమే. కానీ బండి మాత్రం మళ్లీ నిటారుగా లేవాలని పట్టుపడుతుంది. మలుపు పొడవునా హ్యాండిల్‌ను నెట్టి పట్టుకునే ఉండాలి. మధ్యలో ఒక గుంత తగిలినా, తారు రోడ్డు మట్టి అంచుకు దిగినా, టైరు భుజం ఆ అంచు మీద పడి బండి ఎటు లాగుతుందో తెలియదు. ఒక్క మలుపైతే ఓపిక పట్టొచ్చు. ఘాట్‌లో గరికబంద దాటాక వరసగా వచ్చేవన్నీ అవే.

వానాకాలం సంగతి ఇంకా తీవ్రం. గుండ్రటి సన్నటి టైరు నీటిని చీల్చుకుని కిందికి దిగుతుంది. తేలికపాటి బండి కింద వెడల్పాటి చదును టైరు నీటి మీద తేలడానికి తొందరపడుతుంది. మాడుగుల పైన కొండల్లో వాన పడితే రోడ్డు మీద ఎర్రనీళ్లు అడ్డంగా పారుతుంటాయి. అక్కడ వెనక చక్రం జారితే పక్కన లోయ.

ఇక బరువు. టైరు పక్కన అంకెలుంటాయి, మనలో చాలామంది చదవరు. కొత్త క్లాసిక్ 350 వెనక టైరు మీద 120/80-18 62P అని ఉంటుంది. 62 అంటే ఆ టైరు గరిష్ఠంగా 265 కిలోలు మోస్తుంది. P అంటే గంటకు 150 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది. అమెరికా వాళ్లు గోల్డ్‌వింగ్‌కు బిగించే 195/55 కారు టైరు మీద 87 అని ఉంటే, అది 545 కిలోలు మోయగలదని అర్థం. ఎక్కువ మోసే టైరు మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. టైరు తన మీద పడే బరువు కింద కొంత నలగాలి, నలిగి వేడెక్కాలి, అప్పుడే రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. 195 కిలోల క్లాసిక్ 350 కింద ఆ కారు టైరు తన పని తాను చేయదు. గట్టిగా, చల్లగా, ఎగురుతూ పోతుంది. నలగాలని గాలి తగ్గిస్తే పక్క గోడలు ఊగుతాయి, రిమ్ము దగ్గర పట్టు సడలుతుంది.

మన దగ్గర ఎక్కువ బండ్లకు కారు టైరు అసలు పట్టదు కూడా. 18 అంగుళాల కారు టైర్లు సాధారణంగా రెండు వందల మిల్లీమీటర్లకు పైబడిన వెడల్పువే. 120 టైరు తిరిగే చోట అది స్వింగ్ ఆర్మ్‌కు, చైనుకు రాసుకుంటుంది. అంగుళాలు కలిసినంత మాత్రాన టైరు కలిసినట్టు కాదు. యాక్టివా 6జీ ముందు చక్రం 12 అంగుళాలే, పాత ఆల్టో చక్రమూ 12 అంగుళాలే. ఒకటి 90 వెడల్పు, రెండోది 145. అందుకని మనవాళ్ల ప్రయోగాలు వేరే దారి పట్టాయి. 120 ఉండాల్సిన చోట 140, 150 వేయడం, చూపులకు బలంగా ఉందని లావు టైరును సన్న రిమ్ము మీద బిగించడం. అప్పుడు రిమ్ము టైరు అంచుల్ని లోపలికి లాగుతుంది. వంపు ఆకారం చెడిపోతుంది. బండి మలుపులో బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. కారు టైరంత తీవ్రం కాకపోయినా జాతి ఒకటే.

బిగించేవాడికి ఉన్న ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది అదే. టైరు లోపలి అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది, దాన్నే బీడు అంటారు. గాలి నింపేటప్పుడు ఆ బీడు ‘టప్’మని రిమ్ము గాడిలో కూర్చోవాలి. మోటారు సైకిల్ రిమ్ము గాడి ఆకారం, కారు రిమ్ము గాడి ఆకారం ఒకటి కావు. సరిపడని బీడు కూర్చోదు. కూర్చోకపోతే షాపులో పిల్లవాడు ఇంకొంచెం గాలి కొడతాడు, ఇంకొంచెం. ద్విచక్ర టైర్లు చేసే కొన్ని పెద్ద కంపెనీలు బీడు కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటొద్దంటాయి. మోటారు సైకిల్ రిమ్ముకు కారు టైరు ఎక్కించవద్దని కూడా రాస్తాయి. బీడు తెగితే ఆ ఉక్కు, ఆ రబ్బరు, ఆ గాలి అంతా ఎదురుగా వంగి కూర్చున్నవాడి ముఖానికే. పంచరు షాపుల్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు పని చేయడం మనందరికీ తెలుసు. కస్టమర్ ముచ్చట కోసం వాళ్ల కళ్లను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

మరి చోడవరంలో ఒక బండి టైరు ఇంకో బండికి వేయడమే తప్పా అంటే, కాదు, అసలు ఈ నేల బతికిందే దాని మీద. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన బండ్లను తలుచుకోండి. ఇనుప పట్టా చక్రాల చెక్క బండ్లు పోయి, రబ్బరు చక్రాల డన్లప్ బండ్లు వచ్చాయి. లారీల, కార్ల పాత టైర్లు వాటి మీద రెండో జన్మ ఎత్తాయి. ఎడ్లకు లాగుడు తేలికైంది, అదే జత ఎక్కువ చెరకు తోలింది, రోడ్లూ కోసుకుపోలేదు. అది రైతు తెలివి, దాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను. కానీ ఆ బండి ఎడ్ల నడకతో పోతుంది, పక్కపక్కనున్న రెండు చక్రాల మీద సమంగా నిలబడుతుంది, మలుపులో వాలదు. చదును టైరుకు అంతకంటే ఏం కావాలి? తొట్టి బిగించిన మోటారు సైకిల్‌కు కూడా ఇదే న్యాయం. సైడ్‌కార్ ఉన్న బండి వాలదు కాబట్టి విదేశాల్లో వాటికి కారు టైర్లు వేయడంలో అర్థం ఉంది. ఏ చక్రం నిటారుగా ఉంటుంది, ఏ చక్రం వాలుతుంది అన్నదొక్కటే చూడాలి.

ఒక్కో పనికి ఒక్కో టైరు కావాలన్న సంగతి ఈ జిల్లాకు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 16న అచ్యుతాపురంలో యొకొహామా గ్రూపువారి ఏటీసీ టైర్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ట్రాక్టర్ల వంటి వ్యవసాయ యంత్రాలకు, నిర్మాణ యంత్రాలకు అక్కడ టైర్లు చేస్తారు. మెత్తటి పొలంలో దిగబడని టైరుకు ఒక ఆకారం, రాళ్ల మీద తిరిగే టైరుకు మరో ఆకారం.

చట్టం మాట క్లుప్తంగా. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్నది నిబంధన. కారుకైతే 1.6. ప్రమాదం జరిగిన రోజు బీమా సర్వేయరు మొదట చూసేవాటిలో టైరు ఒకటి.

ఖర్చు సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నెల జీతంలో మిగిల్చి తిరిగే కుర్రాడికి టైరు ధర భారమే. దానికి మార్గాలు ఉన్నాయి. మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు వేసిన టైర్లు బజారులో దొరుకుతున్నాయి. నిటారు దారిలో మన్నుతాయి, మలుపులో పట్టుకుంటాయి. గాలి వారానికొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వెనక మనిషీ లగేజీ ఉంటే చైను కవరు మీదో మాన్యువల్‌లోనో రాసిన ఎక్కువ అంకె నింపాలి. తక్కువ గాలితో తిరగడమే టైరును అన్నిటికంటే ముందు తినేస్తుంది. కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. ఏళ్ల తరబడి షాపులో ఎండిన టైరు తక్కువకు వస్తోందంటే తీసుకోవద్దు.

టైరు షాపు గురువులకు ఒక్క విన్నపం. కుర్రాడు వచ్చి కారు టైరు ఎక్కించమంటే, లావు టైరు బిగించమంటే, డబ్బులు పోయినా సరే కాదని చెప్పండి. ఎందుకు కాదో చెప్పండి. ఘాట్ ఎక్కబోయేవాడికి మైదానంలో ఆ మాట చెప్పగలిగింది మీరే.